విమానం ఎక్కకూడని రోజు

మా ఇల్లు శంషాబాదులో ఉన్నది. 2008లో ఇక్కడ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచీ మా నెత్తిమీదుగా పగలూ రాత్రీ విమానాలు ఎగురుతూనే ఉంటాయి. సముద్రం మాత్రం మాకు చాలా దూరం. దాని లోపల ఏమున్నదో చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. ఆఖరుకు అండమాను దీవులకు వెళ్ళి, మునగటం నేర్చుకుని, ఆ వారం రోజూ సముద్రంలో దిగాను.

చివరి రోజు ఉదయం మా గురువు, "మీ విమానం ఎప్పుడు?" అని అడిగాడు. నిజానికి ఆ సాయంత్రమే. మర్నాడు మా అన్న కూతురి పుట్టినరోజు. నిజం చెబితే దిగనివ్వడేమోనని, "రేపు రాత్రి" అనేశాను.

వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగాము. పగడాల గట్టు కోటగోడలాగా నిలువునా లోతుకు దిగిపోయింది. పగడాలంటే రాళ్ళనుకునేరు! అవి చిన్న చిన్న జంతువులు. వాటి గూళ్ళే వేల ఏళ్ళుగా పేరుకుని అంత గోడ అయింది. 15 మీటర్ల లోతున నా ఎర్ర చొక్కా నల్లగా కనిపించింది. ఎర్రని వెలుగును నీరు ముందుగా మింగేస్తుంది. దీపం వేయగానే చొక్కా మళ్ళీ ఎర్రబడింది!

పైకి వచ్చాక గురువు చెప్పింది విని నాకు చెమటలు పట్టాయి.

మీరు గోలీసోడా చూశారు కదా? సీసాలో ఒత్తిడి ఉన్నంతసేపూ వాయువు నీటిలో కరిగి ఉంటుంది. గోలీ నొక్కగానే బుస్సున బుడగలు పొంగుతాయి. సముద్రంలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది. అప్పుడు మనం పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో ఎక్కువగా కరుగుతుంది. అదంతా ఊపిరితో బయటికి పోవటానికి చాలా గంటలు పడుతుంది. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి, 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతగా తగ్గవచ్చు. తొందరపడి విమానమెక్కితే, మిగిలిన నత్రజని ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పులు, పక్షవాతం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం కూడా కలుగుతాయి. రోజూ మునిగినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలి.

నేను తల వంచుకుని నిజం చెప్పేశాను. ప్రయాణం మానుకున్నాను.

పుట్టినరోజు అయిపోయాక ఇల్లు చేరాను. పిల్ల అలిగి కూర్చున్నది. గోలీసోడా తెచ్చి, దాని ఎదుటే కొట్టి, జరిగినదంతా చెప్పాను. అది బుడగలకేసి చాలాసేపు చూసింది.

"ఇవి నీ ఒంట్లో వచ్చేవా, బాబాయ్?"

"అవునమ్మా."

"మరి రేపు రాత్రి అని ఎందుకు చెప్పావు?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.