ఆది జాకెట్

"అమ్మా, నాకో జాకెట్ కావాలి" అన్నాను ఒకరోజు ఫోనులో.

"ఏ చీర మీదకే? లైనింగు వెయ్యమననా?" అంది అమ్మ.

చీర మీదకి కాదు, సముద్రంలోకి అని చెప్పేసరికి అవతల కాసేపు చప్పుడు లేదు. మీరూ నవ్వుతారని తెలుసు. కానీ ఈ రెండు జాకెట్లకీ ఉన్న చుట్టరికం అర్థం కావడానికి నాకు దాదాపు ఒక ఏడాది పట్టింది. మధ్యలో కొంచెం ఉప్పునీళ్ళు కూడా తాగాల్సి వచ్చింది.

స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు వీపున గాలి సిలిండరుతో పాటు ఒక గాలితిత్తి చొక్కా తొడుక్కుంటారు. దాన్ని బి.సి.డి. అంటారు గానీ, వాడుకలో జాకెట్టే. సిలిండరును వీపుకు పట్టి ఉంచడం దాని మొదటి పని. తేలడమూ మునగడమూ మన చేతిలో ఉంచడం రెండోది. ఎడమ భుజం మీంచి వేలాడే గొట్టానికి ఉన్న మీట నొక్కితే సిలిండరులోని గాలి జాకెట్లోకి వస్తుంది. ఇంకో మీట నొక్కితే బయటికి పోతుంది. ఆర్కిమెడిస్‌నీ, బాయిల్‌నీ ఇంటర్లో పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్ళం మనం. 10 మీటర్ల లోతున పీడనం పైనున్నదానికి రెట్టింపు అవుతుంది, జాకెట్లో గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందుకని దిగేకొద్దీ ఇంకా దిగిపోతుంటాం. కాస్త కాస్తగా గాలి చేర్చుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది, ఎప్పటికప్పుడు వదిలెయ్యాలి. ఇంత బాధ్యత ఉన్న వస్తువు ఒంటికి సరిపోకపోతే ఏమవుతుందో నా మొదటి సముద్రపు డైవింగే నాకు చెప్పింది.

విశాఖలో ఈతకొలనులో శిక్షణ పూర్తయ్యాక మమ్మల్ని పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్ళారు. ఆరుగురిలో నేనొక్కతినే ఆడపిల్లని. అద్దె జాకెట్లన్నీ మగవాళ్ళ కొలతలవే. నాకు దొరికింది మీడియం సైజు. నడుముకు పట్టాల్సిన పట్టీ తుంటి మీద కూర్చుంది. భుజాల పట్టీలు నిలువుగా దిగి ఛాతీని రెండువైపులా నొక్కేస్తున్నాయి. "కొంచెం లూజుగా ఉందండీ" అన్నాను. మాస్టారు పట్టీలన్నీ చివరంటా లాగి, "కొత్తలో అలాగే ఉంటుందమ్మా, సర్దుకుంటుంది" అన్నారు. అసలు ఇబ్బంది ఛాతీ దగ్గర అని ఆయనతో ఎలా చెప్పను? సిగ్గేసి ఊరుకున్నాను.

నీళ్ళలో దూకి జాకెట్ ఊదగానే అది తేలింది, నేను మాత్రం దానిలోంచి జారాను! మెడ పట్టీ చెవులదాకా వచ్చింది. తుంటి మీది పట్టీ పైకి జారి పక్కటెముకల్ని బిగించేసింది. నిండా ఊపిరి తీసుకుందామంటే రొమ్ము విప్పారదు. కిందికి దిగాక సిలిండరు ఒక పక్కకి ఒరిగి నన్ను కూడా ఒరిపేస్తోంది. ఒక చేత్తో జాకెట్‌ను కిందికి లాక్కుంటూ, చిన్న చిన్న ఊపిరులు తీస్తూ, కంగారుపడుతూ గాలంతా ఖర్చు చేసేశాను. మిగతావాళ్ళు 40 నిమిషాలు ఉన్నారు. నన్ను 20 నిమిషాలకే పైకి పంపేశారు. పడవలో ఎవరూ ఏమీ అనలేదు. "నాకీ సముద్రం పడదు" అని నేనే నిర్ణయించేసుకున్నాను. ఇంచుమించు మానేశాను కూడా.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, స్నేహితురాళ్ళతో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ వెళ్ళాను. 2018 దాకా దాని పేరు హావ్‌లాక్. అక్కడ డైవింగ్ చేయించేవాళ్ళలో ఒకావిడ మన తెలుగావిడే. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వెళ్ళి స్థిరపడ్డారట. స్నేహితురాళ్ళు నీళ్ళలోకి దిగుతుంటే నేను ఒడ్డున కూర్చోవడం చూసి, కారణం అడిగి, కథంతా విని ఫక్కున నవ్వింది.

"ఏటి చెల్లీ, మగోడి చొక్కా తొడుక్కుని సముద్రం మీద నింద ఏస్తావేటి? మీ టైలరుకి జాకెట్ కుట్టమని ఇచ్చినప్పుడు ఏం చేస్తావు?"

"ఆది జాకెట్ ఇస్తాను."

"మరి ఇవి ఎవరి ఆది మీద కుట్టినవో చూసుకోవద్దేటి?"

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. చంకల దగ్గర రవ్వంత పట్టేస్తే టైలరుతో దెబ్బలాడి మళ్ళీ కుట్టించుకునే మనం, ప్రాణం నిలబెట్టే జాకెట్ విషయంలో సర్దుకుపోతామా?

తర్వాత చదివి తెలుసుకున్నాను. కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1943లో ఆక్వాలంగ్ తయారుచేసినప్పుడు అసలు జాకెట్టే లేదు. 1970లో సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో అయిదుగురు స్త్రీలు వర్జిన్ దీవుల దగ్గర సముద్రం అడుగున కట్టిన గదుల్లో రెండు వారాలు కాపురముండి పరిశోధన చేశారు. అంటే ఆడవాళ్ళు ఆనాడే సముద్రం అడుగుకు చేరారు. వాళ్ళ కొలతల జాకెట్లు అంగళ్ళలోకి రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

అక్క మూడు రోజులు మూడు రకాలు తొడిగించింది. మొదటిది ఒంటి చుట్టూ ఉబ్బే మామూలు జాకెట్. పైన తేలుతున్నప్పుడు నిటారుగా నిలబెడుతుంది గానీ, నిండా ఊదితే పక్కటెముకల్ని నొక్కుతుంది. రెండోది వీపున మాత్రమే ఉబ్బేది. ఛాతీ, పొట్ట హాయిగా ఉంటాయి. కాకపోతే నీటిమీద ఎక్కువ ఊదితే మొహాన్ని ముందుకు తోస్తుంది, కొంచెం వెనక్కి వాలడం అలవాటు చేసుకోవాలి. మూడోది ఒక లోహపు పలక, దానికి పట్టీలు, వెనక గాలితిత్తి. పట్టీ పొడవు మనిషికి తగ్గట్టు అమర్చుకోవచ్చు. అది కూడా మంచిదే, పట్టీ అమర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

చివరికి వీపున ఉబ్బే రకంలోనే, స్త్రీల కోసం చేసినది ఎంచుకున్నాను. దాని భుజాల పట్టీలు నిలువుగా దిగవు, ఛాతీ పక్కగా వంపు తిరిగి వెళ్తాయి. వీపు భాగం పొట్టి, కనుక నడుము పట్టీ నడుము మీదే కూర్చుంటుంది. ఛాతీ మీది అడ్డపట్టీని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ధర ఇక్కడ రాయను, అమ్మ ఈ సంచిక చదువుతుంది!

మన కాలేజీ నుంచి రేపు సముద్రంలోకి దిగబోయే చెల్లెళ్ళకి అక్క నేర్పిన పరీక్షలు చెబుతాను. జాకెట్‌ను మామూలు బట్టల మీద కాదు, నీళ్ళలో వేసుకునే సూటు మీద తొడిగి చూడండి. పట్టీలన్నీ పెట్టి, నిండా ఊది, గట్టిగా ఊపిరి తీయండి. తీయలేకపోతే అది మీది కాదు. ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవులదాకా లేస్తే అది మీది కాదు. కళ్ళు మూసుకుని, గాలి నింపే మీటా, గాలి వదిలే తాళ్ళూ చేతికి అందుతున్నాయో లేదో చూడండి. పట్టీలు చివరంటా లాగాల్సి వస్తే సైజు పెద్దదని అర్థం. కొంచెం లాగడానికీ, కొంచెం వదలడానికీ చోటుండాలి. పెద్ద జాకెట్ అయితే బాగా తేలుస్తుందనుకోకండి. మిమ్మల్నీ మీ సామానునీ నీటిమీద నిలిపేంత ఉంటే చాలు. వీలైతే కొనేముందు ఒకసారి నీళ్ళలో వేసుకుని చూడండి. ఒడ్డున బాగున్నదల్లా నీళ్ళలో బాగుండదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ నొక్కుతోందో నోరు విప్పి చెప్పండి. ఆ రోజు పడవలో నేను చెప్పలేకపోయిన ఒక్క మాట, నన్ను ఒక ఏడాది ఒడ్డున కూర్చోబెట్టింది. మాస్టారిది తప్పని అనను. ఆయన ఒంటికి అది సరిపోతుంది, అడిగితేనే గదా తెలిసేది. "సర్దుకో" అన్న మాట మనకి చిన్నప్పటినుంచీ అలవాటే. ఇంట్లో, బస్సులో సర్దుకుంటే గడిచిపోతుందేమో. నీళ్ళ కింద ఊపిరి విషయంలో సర్దుకోవడానికి ఏముంది?

కొత్త జాకెట్‌తో స్వరాజ్ ద్వీప్‌లో నాలుగో రోజు దిగాను. 12 మీటర్ల లోతున పగడపు దిబ్బ మీద చేతులు కట్టుకుని, పైకీ పోకుండా కిందికీ పోకుండా నిలబడ్డాను. ఒక చిలకచేప పగడాన్ని కొరుకుతుంటే కటకటమన్న చప్పుడు వినిపించింది. జాకెట్ సంగతే గుర్తు రాలేదు. 45 నిమిషాలకి పైకి వచ్చాను.

సెలవులకి ఇంటికి తీసుకెళ్తే అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. పట్టీలు లాగింది, వదిలింది.

"నయమే, కుట్లు విప్పే పని లేదు. పెళ్ళయి లావైనా సరిపోతుంది" అంది.