పులుపూ తింటది, బూడిదా తింటది

రోడ్డు ఎంతవరకు వచ్చిందో చూసి రాయమని సంపాదకుడు అడిగితే చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు వెళ్లాను. రోడ్డు సంగతి మరోసారి. సంతలో మాట్లు వేసే ఆయన పక్కన కూర్చున్నాక అక్కణ్ణుంచి లేవబుద్ధి కాలేదు.

ఒక అవ్వ సత్తు తపేలా తెచ్చింది. ఆయన దాన్ని ఎండకెత్తి చూశాడు. అడుగున సన్నటి వెలుగు చుక్కలు. ఒక్కోదాని చుట్టూ బొగ్గుతో సున్నా చుట్టి, బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. రేకు వంగితే అక్కడ రివెట్టు నిలవదట. గట్టిచోటు దొరికాక లోపలొకటి, బయటొకటి బిళ్ల పెట్టి, దాగలి మీద ఆనించి చిన్నచిన్న దెబ్బలు వేశాడు. ఇత్తడికి పట్టినట్టు సత్తుకి టంకం పట్టదన్నాడు.

"అవ్వా, ఇప్పపూలు ఇందులోనే నానేస్తున్నవా?"

"ఔ."

"మళ్ల బూడిదతో తోముతవు. పులుపూ తింటది, బూడిదా తింటది. ఇంక గిన్నెకేం మిగులుతది?"

"ఇప్పకి కుండే మంచిది. కుండలు చేసేటోళ్లు ఏరయ్యా?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. సత్తుకి, అంటే అల్యూమినియానికి, కాపలా కంటికి కనిపించని ఆక్సైడ్ పొర. గీత పడితే గాలి తగిలి మళ్లీ కప్పుకుంటుంది. టంకం పట్టనీయనిదీ అదే. పీహెచ్ సుమారు 4కీ 8.5కీ మధ్య అది భద్రం. పులిసిన ఇప్పరసంలో క్షారంలా, బూడిద తేటలో ఆమ్లంలా పనిచేసి రెండింట్లోనూ కరిగిపోతుంది.

చర్ల హాస్టల్లో పది చదివే పిల్లవాడొకడు అక్కడే ఉన్నాడు. అడిగితే, అల్యూమినియం ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ ద్విస్వభావ ఆక్సైడ్లని, అంటే ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరిపేవని, గడగడా అప్పజెప్పాడు. తపేలా చూపించి ఇదేనా అంటే బిత్తరపోయాడు. వాణ్ణి ఏమనగలం? మాటే తప్ప వస్తువు ఎవరూ చూపలేదు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఎందుకంటే ఇది మార్కులతో తీరే పాఠం కాదు. 1888 నాటికే కార్ల్ జోసెఫ్ బేయర్ ఈ గుణాన్ని పట్టుకున్నాడు: వేడి కాస్టిక్ సోడాలో బాక్సైట్‌లోని అల్యూమినియం కరుగుతుంది, ఇనుము కరగదు. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో కంపెనీ ఈ పద్ధతిలోనే అల్యూమినా తీస్తుంది. వెనక మిగిలేది క్షారంతో నిండిన ఎర్రబురద. 2013లో ఒడిశాలోనే నియమగిరి కొండల చుట్టూ 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తమ కొండల్ని ఎందుకు అడుగుతున్నారో, తవ్వితే ఏం మిగులుతుందో ఆదివాసీ పిల్లలకు తెలియాలంటే ఈ పాఠం చేతికి అందాలి.

చర్ల, పామేడు చుట్టుపక్కల సైన్సు మాస్టార్లను అడుగుతున్నాను. మాట్లు వేసే ఆయనను ఒక పూట బడికి పిలవండి, ఆ రోజు కూలి ఇవ్వండి. సామాను రెండు గ్లాసులు, చింతపులుసు, బూడిద తేట, పలచటి సత్తు రేకు ముక్కలు.