కార్తీకంలో మా బార్ కౌంటర్

అక్టోబర్ 27, సోమవారం
కార్తీకం మొదటి సోమవారం. బార్ స్టూళ్లు సగం ఖాళీగా ఉన్నాయి, రెస్టారెంట్ టేబుళ్లు మాత్రం నిండాయి. జనం రావడం మానలేదు, తాగడం మానారు. "ఈ నెల ముట్టనన్నా, కార్తీకం కదా" అన్నాడు ప్రతి వారం వచ్చే ఒకాయన. మెనూ చేతికిచ్చాను. అందులో విస్కీలకే రెండు పేజీలు. తాగనివాళ్లకు చివరి పేజీ అడుగున మూడు లైన్లు: లైమ్ సోడా, కోలా, వర్జిన్ మొహీతో. ఆయన చదివి, మంచినీళ్లు చాలన్నాడు. స్నేహితుల మధ్య మూడు గంటలూ ఆ నీళ్ల గ్లాసుతోనే కూర్చున్నాడు. పదకొండేళ్లుగా ఈ కౌంటర్ వెనక నిలబడుతున్నాను. ఇంటికొచ్చిన మనిషికి ఏమీ పెట్టకుండా పంపినట్టు మనసు చివుక్కుమంది.

అక్టోబర్ 30
ఇంగ్లండ్‌లో జనవరి నెలంతా మద్యం మానేద్దామన్న ‘డ్రై జనవరి’ ప్రచారం 2013లో మొదలైంది. 2015లో సీడ్‌లిప్ అని మద్యం లేని స్పిరిట్ ఒకటి లండన్‌లో అమ్మకానికొచ్చింది. 2017లో హైనెకెన్ తన 0.0 బీరు తెచ్చింది. మనకైతే మానే నెల పంచాంగంలోనే ఉంది. మాల వేస్తే 41 రోజుల దీక్ష. అయినా ఈ రోజుల్ని మా వాళ్లంతా ‘డల్ సీజన్’ అనే అంటారు. తాగనివాళ్ల కోసం మేం ఏం చేశామని డల్ అనడం?

నవంబర్ 3, సోమవారం
మందులోంచి ఆల్కహాల్ తీసేస్తే పోయేది మత్తొక్కటే కాదు. గొంతులో మంట పోతుంది, నాలుక మీది బరువు పోతుంది. ఆ మంట ఉండబట్టే ఆగి ఆగి తాగుతారు. తియ్యటి జ్యూసైతే రెండు నిమిషాల్లో గ్లాసు ఖాళీ, కబుర్లింకా మొదలే కావు.

మంట ఎక్కణ్నుంచి తేవాలా అనుకుంటుంటే శ్రీరామనవమి పానకం గుర్తొచ్చింది. బెల్లం, శొంఠి, యాలకులు, మిరియాలు. ముందు తీపి తగులుతుంది, మింగాక మిరియం గొంతు పట్టుకుంటుంది. కానీ ఉత్త పానకం భోజనం ముందు మరీ తీపి. చింతపండు రసం కలిపితే చారులా అయింది. నిమ్మ పిండితే ఘాటు తేలిపోయింది. మూడోసారి చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చి పోశాను. వగరొచ్చింది! ఆ వగరుకి నోరు కాస్త ఎండినట్టై మళ్లీ గుక్క వేయాలనిపించింది. చిటికెడు ఉప్పు వేసి, విస్కీ గ్లాసులో ఒకే పెద్ద ఐసు గడ్డ మీద వంచాను. మా కుర్రాడు రంగు చూసి "రమ్మా అన్నా?" అన్నాడు.

నవంబర్ 7
2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచినప్పటి నుంచీ నీరా మా కార్డులో ఉండాలని నా కోరిక. నీరా, కల్లు ఒకే చెట్టువి. తెల్లారకముందే దించి చల్లగా దాస్తే నీరా, వదిలేస్తే పులిసి కల్లు. గీత కార్మికుడు చీకట్లో మోకు వేసుకుని చెట్టెక్కి దించినదాన్ని, మా ఫ్రిజ్ దాకా చల్లదనం తెగకుండా తేవాలి. ఆ దారి కుదిరేదాకా కార్డులో పెట్టను. నీరా అని చెప్పి పులిసింది పోయలేను.

నవంబర్ 9, ఆదివారం
రిసెప్షన్. మాలలో ఉన్న స్వాములు ఇద్దరొచ్చారు. బయటి గ్లాసు ముట్టరు. బొండాలు వాళ్ల ఎదురుగానే కొట్టించి ఇచ్చాం.

నవంబర్ 15, శనివారం
నలభై దాటిన మనిషి, భార్యతో వచ్చాడు. 0.0 బీరు సీసా చేతికిస్తే లేబుల్ తిప్పి తిప్పి చూశాడు. "అసలేమీ ఉండదా అండీ?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. దీని మీద 0.0 అని ఉంది. కానీ మన నిబంధనల్లో 0.5 శాతం దాటితేనే మద్యం కింద లెక్క. కాబట్టి ‘నాన్ ఆల్కహాలిక్’ అని రాసిన ప్రతి సీసాలోనూ సున్నా ఉంటుందని అనుకోకూడదు. ఆయన సీసా పక్కన పెట్టేశాడు. "అది కాదండీ. మానేసి రెండేళ్లైంది. ఈ వాసనే నాకు పడదు."

తాగనివాళ్లందరికీ బీరులాంటిది కావాలని నేనెందుకు అనుకున్నాను? పానకం ఇచ్చాను. ఇద్దరూ చెరో గ్లాసు తాగారు, ఆవిడ మరొకటి అడిగింది. ఇకమీద 0.0 బీరు అడిగినవాళ్లకే.

నవంబర్ 17, సోమవారం
"మందు లేనిదానికి 220 రూపాయలా?" అని ఒకాయన. బెల్లం కాచి వడకట్టడం, డికాక్షన్, ఐసు గడ్డ, కడిగిన గ్లాసు, పోసే చెయ్యి. అవే పనులు, అదే ఓపిక. తగ్గించనన్నాను. తాగి చూశాక ఆయన మళ్లీ ధర మాటెత్తలేదు.

నవంబర్ 20
కార్తీకం ఆఖరు. రేపటి నుంచి స్టూళ్లు నిండుతాయి. పానకం మాత్రం తీసేయను, మొదటి పేజీలోకి తెస్తున్నాను.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. మాది నెల్లూరు వైపు. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినప్పుడు మా ఊరి నుంచీ వెళ్లారు, అందులో అమ్మ ఒకతె. మరుసటేడు అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. నేను బార్‌లో చేరినప్పటి నుంచి నా పని గురించి ఒక్క మాటా అడగలేదు. ఇవాళ పానకం సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

"మిరియాలు దంచుతున్నావా, పొడి కొంటున్నావా?" అంది తర్వాత.

పొడే, అన్నాను.

"పొడికి రెండో రోజుకే ఘాటు పోద్ది. ఏ రోజుకారోజు కచ్చాపచ్చాగా దంచుకో నాయనా."