అంగడిలో విన్న పాట

పోయిన వేసవి సెలవుల్లో పాత పుస్తకాలు కొనడానికి నాయనతో అవెన్యూ రోడ్డుకు పోయాను. పక్క సందులో పాత రికార్డుల అంగడి ఉంది. లోపల ఉరుములాంటి గిటార్ మోగుతుంటే అక్కడే నిలబడిపోయాను. "ఇదేం పాటరా, రేకుల షెడ్డు కూలినట్టుంది" అన్నాడు నాయన.

అంగడాయన నవ్వి, అది బ్లాక్ సబ్బత్ 1970లో తెచ్చిన మొదటి రికార్డు అన్నాడు. హెవీ మెటల్ అంటారట. గిటార్ వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్లప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగాయి. ఆయనది ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతితోనే! ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాతి రికార్డుల్లో తీగలు వదులు చేశాడు, శబ్దం ఇంకా బరువెక్కింది.

నాయన పీణ్యాలో ప్రెస్సు మిషన్ మీద పనిచేస్తాడు. ఎడమ చూపుడువేలికి కొన లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తం. నలుగురిలో ఉంటే ఆ చెయ్యి జేబులోనే ఉంటుంది. ఈయన ఇదంతా ఇప్పుడే చెప్పాలా అని నాకు కోపం వచ్చింది.

నాయన జేబులోంచి చెయ్యి తీసి, రికార్డు అట్ట తిప్పి చూశాడు. "ఎంత?" అన్నాడు. మా ఇంట్లో ప్లేయరే లేదు! "సరే, ఇంకోసారి పెట్టండి" అన్నాడు. చివరిదాకా విన్నాం. పుస్తకాలు మరిచే పోయాం.