చూపు వెనుక దీపం

మసక చీకటిలో తాడు పామై తోచడం మన వేదాంత గ్రంథాలకు ప్రియమైన దృష్టాంతం. దీపం తెస్తే పాము మాయమై తాడు మిగులుతుంది. అయితే ఇల్లంతా వెలుతురున్నా, కళ్లు చక్కగా పనిచేస్తున్నా, పాము మాయం కాకపోతే?

ఉక్కు కర్మాగారంలో కొలువు కోసం ఏనాడో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లోని కదమలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబానికి ఈ ప్రశ్న ఎదురైంది. పదవీ విరమణ చేసిన ఇంటి పెద్ద ఒక సాయంత్రం కోడలిని పిలిచి, "అమ్మా, ఆ పిల్లలు ఇందాకటి నుంచీ గుమ్మంలోనే కూర్చున్నారు. ఏదైనా పెట్టి పంపమ్మా" అన్నారు. గుమ్మంలో ఎవరూ లేరు. మరునాడు కూడా ఆయనకు పిల్లలు కనిపించారు. వారు మాట్లాడరు, అల్లరి చేయరు. ఆయనకు భయం లేదు, భయమంతా ఇంటివారికే. గాలి సోకిందన్నారు ఒకరు. మతి చలించిందన్నారు మరొకరు. ఏళ్ల తరబడి కొలిమి మంటను చూసి చూపు చెడిందన్నారు ఇంకొకరు. కంటి వైద్యుడు మాత్రం కళ్లలో దోషమేమీ లేదన్నారు.

దోషం కంటి వెనుక ఉంది. కంటిలో పడిన కాంతి నాడీ సంకేతాలుగా మారి, తల వెనుక భాగాన మెదడు పైపొరలో ఉండే దృష్టి వల్కలాన్ని చేరుతుంది. కన్ను పంపిన వార్త, మెదడు తన అనుభవంతో వేసుకున్న అంచనా కలిస్తేనే దృశ్యం ఏర్పడుతుంది. ఈ రెండింటిలో దేనికెంత విలువ ఇవ్వాలో నిర్ణయించడంలో కొన్ని రసాయనాలకు పాత్ర ఉంది. వాటిలో ముఖ్యమైనది అసిటైల్‌కోలిన్. నాడులు రసాయనాలతో సందేశాలు పంపుతాయని 1921లో ఓటో లోవీ కప్ప గుండెలపై ప్రయోగం చేసి నిరూపించినప్పుడు బయటపడిన పదార్థమిదే. ఇది వల్కలమంతటా ప్రసరించి, కంటి నుంచి వచ్చే సంకేతాలను బలపరుస్తుంది. లోపలి అంచనాల జోరును అదుపు చేస్తుంది. మనసు ఒక వస్తువుపై నిలిచినప్పుడు దృష్టి వల్కలంలోని కణాలు చురుకెక్కడానికి ఇది తోడ్పడుతుందని 2008లో కోతులపై జరిగిన పరిశోధన తెలిపింది. వేదాంతుల దీపం వంటిదే ఈ రసాయనం.

ఆ దీపం ఆరితే ఏమవుతుందో మన పల్లెలకు తెలుసు. ఉమ్మెత్త గింజలు తిన్నవాడు లేని మనుషులతో మాట్లాడతాడు. లేని పురుగులను ఏరుతాడు. ఉమ్మెత్తలోని విషాలు అసిటైల్‌కోలిన్ పనిని అడ్డగించడమే అందుకు కారణం.

కదమ పెద్దాయన ఏ విషమూ తినలేదు. నడక మందగించడం, నిద్రలో కేకలు వేయడం, ఒకనాడు తేటగా మరొకనాడు మబ్బుగా ఉండడం గమనించి నాడీ వైద్యుడు అసలు జబ్బును గుర్తించారు. అందులో నాడీకణాలలో మాంసకృత్తుల ముద్దలు పేరుకుంటాయి. అసిటైల్‌కోలిన్ బాగా తగ్గిపోతుంది. ఆ ముద్దలను ఫ్రెడరిక్ లూయీ 1912లో తొలిసారి వర్ణించారు. జంషెడ్‌పూర్ కర్మాగారంలో తొలి ఉక్కు తయారైన సంవత్సరమే అది. వాటివల్ల వచ్చే మతిక్షీణతను 1976లో జపాన్ వైద్యుడు కెంజి కొసాకా వివరించారు.

ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. కాని ఉన్న అసిటైల్‌కోలిన్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా కాపాడే మందులున్నాయి. వాటిలో ఒకటైన రివాస్టిగ్మిన్ భ్రమలను తగ్గించగలదని 2000లో ప్రచురితమైన పరీక్ష చూపింది. ఆ పెద్దాయనకు పిల్లలు కనిపించడం తగ్గింది, పూర్తిగా మానలేదు. ఇంట్లో భయం మాత్రం పోయింది.

జబ్బు పేరు తెలియడంలో మరో మేలు ఉంది. మతిభ్రమణకు మామూలుగా ఇచ్చే కొన్ని మందులు ఈ రోగులకు ప్రాణాపాయం తేగలవు. జలుబుకు వాడే కొన్ని పాత రకం మాత్రలు కూడా అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకొని భ్రమలను పెంచగలవు. కనుక వృద్ధులు వాడే ప్రతి మాత్రనూ వైద్యునికి చూపడం అవసరం.

వయసు మళ్లినవారు లేనిదాన్ని చూశామంటే అబద్ధమాడుతున్నారని కాదు. మనకు ఈ అక్షరాలు ఎంత నిజమో, వారికి ఆ దృశ్యం అంత నిజం. వాదించి ఓడించడం వల్ల ప్రయోజనం లేదు. గేలి చేయడం పాపం. భూతవైద్యుని కోసం వెతికేముందు నాడీ వైద్యుని కలవడం మనం చేయగల సాయం.