తలుపు దబేల్మని వేయాలంటే ముందు తలుపుండాలి కదా

మన గ్రూపులో స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుంది, గ్రూప్స్‌కి ఏ పుస్తకం చదవాలి, పోడు పట్టాల సంగతేంది అని సీరియస్ పోస్టులే ఎక్కువ. అవి కావాలి, కాదనం. కానీ ఈసారి మేం సినిమాల మీద రాస్తున్నం. తిట్టాలనుకున్నోళ్లు పూర్తిగా చదివి తిట్టండి.

మేం అంటే హన్మకొండలో ఒక గిరిజన బాలికల హాస్టల్‌లో ఒకే రూములో ఉండే ఎనిమిది మందిమి. ఏటూరునాగారం దిక్కు కోయ పిల్లలం ముగ్గురం, మానుకోట దిక్కు తండాల నుంచి నలుగురం, ఉట్నూరు నుంచి వచ్చిన గోండు పిల్ల ఒకతి. అందరం డిగ్రీ. మా ఇండ్లల్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి మనుషులం మేమే. సెమిస్టర్ పరీక్షలు అయిపోయినంక ఊరికి పోయేలోపు పది రోజులు దొరికినయి. ఆ పది రోజులూ టీనేజీ ఆడపిల్లలు పెద్దవాళ్లయ్యే సినిమాలు వరసబెట్టి చూసినం. ఒక్క ఫోను, దానికి స్టాండుగా స్టీలు జగ్గు, చుట్టూ ఎనిమిది తలకాయలు. డేటా రోజుకొకరిది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ గబగబా చదివేది మాలో ఒకతే. అది చదివి తెలుగులో చెప్పేలోపు సినిమాలో పిల్ల ఏడ్చుడు అయిపోయి నవ్వుతా ఉండేది.

అన్నిట్లో ముందు మాకు కనబడింది తలుపు. ఏ దేశం సినిమా అయినా సరే, పిల్లకు కోపం వస్తది. టకటకా మెట్లెక్కుతది. తన రూములోకి పోయి తలుపు దబేల్మని వేస్తది. మంచం మీద బోర్లా పడుతది. బయట నుంచి తల్లి తలుపు కొడుతది. మొదటి రోజు మాకొచ్చిన డౌటు ఒక్కటే: ఆ మంచం మీద ఇంకెవ్వరూ పండుకోరా?

మా రూము తలుపుకి గడియ సరిగ్గా పడదు. పడ్డా, వేసుకుంటే లోపల ఇంకా ఏడుగురుంటరు. ఏడవాలంటే గోడ దిక్కు తిరిగి దుప్పటి కప్పుకోవాలి. దుప్పటి కదిలిందంటే చాలు, "ఏమైందే" అని ఒకతి, నీళ్లు పట్టుకొని ఇంకొకతి, "ఇంటి నుంచి ఫోనొచ్చిందా" అని మూడోది. రాత్రి మెస్‌లో గుడ్డు వడ్డించే అక్క కూడా "ఇప్పుడు బాగున్నవా బిడ్డా" అని అడుగుతది. ఇంటికాడ ఇంకా కష్టం. మా ఇంటి తలుపు కుక్కలు, కోళ్లు రాకుండా రాత్రి వేసేది. దాన్ని పట్టపగలు దబేల్మని వేస్తే ఊడి చేతికొస్తది. అలిగి చెరువు గట్టు మీదికి పోదామంటే, "ఎట్లాగూ పోతున్నవ్ గదా, మేకల్ని తోలుకపో" అంటది అమ్మ. అలక అలకగానే ఉంటది, మేకలు మాత్రం మేస్తయి.

1984లో వచ్చిన 'సిక్స్‌టీన్ క్యాండిల్స్' అని ఒక అమెరికా సినిమా ఉంది. కథ ఏందంటే, ఆ పిల్లకు పదహారేండ్లు నిండిన రోజు. మర్నాడు అక్క పెండ్లి. ఆ హడావిడిలో ఇంట్లో అందరూ ఈమె పుట్టినరోజు మర్చిపోయిండ్రు. అంతే! సినిమా అంతా ఆ బాధే. మాలో ఐదుగురి పుట్టినరోజు జూన్‌లో ఉంటది. జూన్‌లో పుట్టినందుకు కాదు, బడి జూన్‌లో తెరుస్తరు కాబట్టి. మమ్మల్ని చేర్పించిన రోజు సారు పిల్లల పండ్లు చూసి, ఎత్తు చూసి, వెనక్కి ఐదేండ్లు లెక్కేసి ఒక తారీఖు రాసిండు. అమ్మని అడిగితే "మక్కలు ఏరుతున్నప్పుడు పుట్టినవ్" అంటది. మరి ఆ అమెరికా తల్లిదండ్రులు తారీఖు తెలిసి మర్చిపోయిండ్రు, మా వాళ్లకు తెలియకపోయినా మక్కలు ఏరేటప్పుడల్లా యాది చేస్తరు. మాకైతే మా వాళ్లే నయం అనిపించింది.

అదే సినిమాలో ఇంకో సంగతి చూసి నవ్వు ఆగిపోయింది. ఆసియా దేశం నుంచి చదువుకోను వచ్చిన ఒక పిలగాడు ఉంటడు. వాడు తెర మీదికి వచ్చినప్పుడల్లా గంట మోగిస్తరు. ఎందుకో తెలుసా, వాడు వాళ్లలాంటోడు కాదని గుర్తు చేయనీకి. మన తెలుగు సినిమాల్లో గిరిజనులు రాంగానే "హుం హుం" అని డప్పులు మోగుతయి చూడండి, అదే గంట. మాలో ఎవ్వరం మెస్‌కి పోయేటప్పుడు డప్పు మోగదు, ప్లేట్లే మోగుతయి.

ఇక 'లేడీ బర్డ్' సంగతి. 2017లో గ్రెటా గెర్విగ్ తీసింది. ఇది మాత్రం మాకు బాగా ఎక్కింది. మధ్యలో కొన్ని సీన్లు వార్డెన్ మేడం చెప్పుల చప్పుడు వినబడి ముందుకు జరిపినం, ఆ సంగతి వేరే. శాక్రమెంటో అనే ఊర్లో ఉండే క్రిస్టీన్ అనే పిల్ల, తనకు తానే లేడీ బర్డ్ అని పేరు పెట్టుకుంటది. తండ్రి ఉద్యోగం పోతది, తల్లి నర్సు, డబుల్ డ్యూటీలు చేస్తది. సినిమా మొదట్లోనే తల్లీ కూతుళ్లు కారులో పోతా పోతా కాలేజీ గురించి కొట్లాడుకుంటరు. తల్లి మాట ఆపకపోతే ఈ పిల్ల నడుస్తున్న కారు తలుపు తీసి దూకేస్తది! చేయి విరుగుతది. మేం ఎనిమిది మందిమి ఒక్కసారే "ఓయమ్మో" అన్నం. ఉట్నూరు పిల్ల మాత్రం "దూకనీకి కారు ఉంది కదా" అన్నది. మా అమ్మలతో మేం కొట్లాడేది ఆర్టీసీ బస్సులో. దూకాలంటే ముందు కండక్టర్ ఒప్పుకోవాలి.

పేరు గురించి కూడా చెప్పాలి. ఆ పిల్ల పేరు తనే పెట్టుకున్నదని వాళ్ల బడిలో ఓ వింత. మాకు ఇంట్లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఆ రెండింటికీ సంబంధం లేని స్పెల్లింగు. మేం ఒక్కటీ పెట్టుకోలే, మూడు వచ్చినయి. స్కాలర్‌షిప్ ఆగినప్పుడల్లా అందులో ఏది మేమో రుజువు చేసుకోవాలి.

కానీ ఆ సినిమాలో బట్టల షాపు సీన్ చూస్తే మీకు కూడా మీ అమ్మ కనబడుతది. తక్కువ ధరకు పాత బట్టలు అమ్మే షాపులో ఇద్దరూ కొరుక్కు తినేటట్టు కొట్లాడుకుంటా ఉంటరు. మధ్యలో తల్లి ఒక డ్రెస్సు బయటికి తీస్తది. అంతే, ఇద్దరి మొఖాలు వెలిగిపోతయి, కొట్లాట ఎటు పోయిందో తెలియదు. మేడారం జాతరలో గాజుల దుకాణం ముందు మా అమ్మలతో మాకు జరిగేది ఇదే. అమెరికాలో కూడా అమ్మ అంటే అమ్మే అని అప్పుడు నమ్మినం. మేడారం అంటే గుర్తొచ్చింది, తల్లులు మన్నించాలి, సమ్మక్క సారలమ్మలు కూడా తల్లీ కూతుళ్లే కదా. కన్నెపల్లి నుంచి సారలమ్మ ముందు రోజు వస్తది, చిలకలగుట్ట నుంచి సమ్మక్క మర్నాడు వస్తది. "చూడు, వాళ్లు కూడా ఒకే బస్సులో రారు" అన్నది మా కోయ పిల్లే. మేం ఏమీ అనలే.

'టర్నింగ్ రెడ్' 2022ది, బొమ్మల సినిమా, డోమీ షి తీసింది. టొరంటోలో ఉండే చైనా వాళ్ల పిల్ల మేయ్‌కి 13 ఏండ్లు. పొద్దున లేవంగానే ఎర్ర పాండా అయిపోతది. కోపం వచ్చినా, సిగ్గేసినా, సంబరం వచ్చినా పాండానే. తల్లి ఏమో పిల్ల పెద్దమనిషి అయిందనుకొని, ప్యాడ్ల డబ్బా పట్టుకొని బడి దగ్గరికే వచ్చి, అందరి ముందు కిటికీలోంచి చూపిస్తది. మేం పడీ పడీ నవ్వినం. నవ్వి నవ్వి ఆగినంక ఒక్కొక్కతి తన సంగతి చెప్పుడు మొదలుపెట్టింది. ఆశ్రమ పాఠశాలలో మాకు అయినప్పుడు అమ్మ పక్కన లేదు. ఎనిమిదో తరగతి అక్క ఒకామె తన ట్రంకు పెట్టె తెరిచి గుడ్డ ఇచ్చింది, ఏఎన్ఎం అక్క తర్వాత ప్యాడ్లు ఇచ్చింది. అమ్మకు కబురు పోయింది పదిహేను రోజులకు. మేయ్ తల్లి మీద నవ్విన నవ్వు అక్కడ కొంచెం తగ్గింది. కిటికీ బయట నిలబడి పరువు తీసే తల్లి ఒకతి ఆ రోజు ఉంటే బాగుండేది అని మాలో ఒకతి అన్నది. ఎవ్వరం కాదనలే.

మన తెలుగు సినిమాల్లో ఆడపిల్ల ఎట్లా పెద్దదయితది? చిన్నపిల్ల ఉరుకుతా ఉంటది, కాలి పట్టీలు చూపిస్తరు, పట్టీల నుంచి పైకి చూపిస్తే హీరోయిన్ అయిపోతది. ఐదు సెకన్లు. మధ్యలో పదో తరగతి లెక్కల పరీక్ష ఎప్పుడు రాసిందో దేవునికే తెలియాలి. ఆ తర్వాత ఓణీల ఫంక్షన్ పాట, పాట అయిపోంగానే హీరో. ఇక గిరిజన పిల్ల అయితే అది కూడా లేదు. 'ఆర్ఆర్ఆర్'లో మల్లి ఉన్నది కదా, గోండు పిల్ల. ఆమెను ఎత్తుకపోతేనే కథ మొదలైతది. కానీ ఆమె కోసం పులులు వచ్చినయి, బండ్లు ఎగిరినయి, ఇద్దరు హీరోలు డ్యాన్స్ చేసిండ్రు. మల్లి మాత్రం చాలా సేపు ఆ కోటలోనే కూర్చున్నది. పాపం, అక్కడ అన్నం ఏం పెట్టిండ్రో కూడా చూపించలే.

మన పిల్ల మీదనే సినిమా కావాలంటే 'పూర్ణ' ఉన్నది. 2017లో రాహుల్ బోస్ తీసిండు, హిందీలో. నిజామాబాద్ జిల్లా పాకాల తండా మాలావత్ పూర్ణ సంగతి మీకందరికీ తెలుసు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలే. గురుకులం పిల్ల, భువనగిరి గుట్ట మీద ట్రైనింగ్ తీసుకున్నది. మేం ఆ సినిమా మూడుసార్లు చూసినం. అందులో పూర్ణకు వరసకు అక్క అయ్యే ప్రియ అనే పిల్లకు చిన్న వయసులోనే పెండ్లి చేస్తరు, ఆమె చనిపోతది. అక్కడికి వచ్చేసరికి మూడుసార్లూ రూములో మాట లేదు. పూర్ణక్క మాకు గర్వం. హాస్టల్ గోడ మీద ఆమె ఫొటో ఉన్నది.

కానీ ఒక లెక్క చూడండి. శాక్రమెంటో పిల్ల కారులోంచి దూకింది, సినిమా తీసిండ్రు. అమెరికా పిల్ల పుట్టినరోజు మర్చిపోయిండ్రు, సినిమా తీసిండ్రు. మన పిల్ల మీద సినిమా తీయాలంటే 8,848 మీటర్లు ఎక్కాలి. ఇది ఏం న్యాయం? గుట్ట ఎక్కనోళ్లం, మెడల్ రానోళ్లం, ఎకనామిక్స్‌లో 42 మార్కులతో పాసయినోళ్లం మేం కూడా పెరిగినం కదా. ఊకనే అలిగి, ఊకనే నవ్వి, బకెట్ పోయిందని రెండు రోజులు ఏడ్చి పెరిగినం. అస్సామీ సినిమా 'విలేజ్ రాక్‌స్టార్స్' మాకు అందుకే నచ్చింది. రీమా దాస్ తన ఊర్లోనే, కెమెరా కూడా తనే పట్టుకొని తీసింది. ధును అనే పిల్లకు గిటార్ కావాలి. థర్మకోల్ గిటార్ పట్టుకొని తిరుగుతది, చెట్లు ఎక్కుతది. తిట్టేవాళ్లు తిడుతనే ఉంటరు, తల్లి మాత్రం ఆమె దిక్కే ఉంటది, ఈత నేర్పుతది. అంతే కథ. దానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది.

మాకు తెలిసిన అసలు హీరోయిన్ ఒకతి ఉన్నది. పేరు రాయం. ఐదో తరగతి నుంచి గురుకులంలో మా పక్క మంచం. చదువులో మధ్య రకం. కానీ మెస్ ఇన్‌ఛార్జి సారు నడక, పీఈటీ మేడం విజిల్, అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పే పిల్ల గొంతు అన్నీ దించేసేది. దాని వల్ల మేం కరెంటు లేని రాత్రులు కూడా నవ్వుకుంటా పండుకున్నం. ఇంటర్ ఫస్టియర్‌లో దసరా సెలవులకు పోయింది. బడి తెరిచిన రోజు సాయంత్రం దాకా గేటు దగ్గర చూసినం. ఆఖరి బస్సు కూడా వచ్చింది. దాని ట్రంకు పెట్టె మంచం కింద అట్లనే ఉన్నది, తాళంచెవి దాని మెడలో ఉంటది కాబట్టి ఎవ్వరం తెరవలే. సంక్రాంతి అయినంక వాళ్ల నాన్న వచ్చి పెట్టె బస్సు మీదికి ఎక్కించుకొని పోయిండు. "పెండ్లి అయింది బిడ్డా" అని మాత్రం అన్నడు. ఇప్పటికీ సెలవులు అయిపోయి హాస్టల్‌కి రాంగానే మేం ముందు చేసే పని మంచాల కింద పెట్టెలు లెక్కపెట్టుడు.

మేం సినిమా తీస్తే అది ఇట్లా ఉంటది. పొద్దున ఐదింటికి బెల్లు. బాత్రూం ముందు బకెట్ల లైను. హీరోయిన్ బకెట్ ఎవరో వెనక్కి జరిపిండ్రు, అక్కడ ఫైటు. ఇంటర్వెల్‌కు ఆదివారం చికెన్‌లో ఎవరికి లెగ్ పీస్ వచ్చిందో చూపిస్తం. పాట ఒకటి, కాస్మెటిక్ ఛార్జీలు పడ్డ రోజు. ఎవరెస్ట్ ఉండదు. క్లైమాక్స్‌లో దసరా సెలవుల తర్వాత ఏటూరునాగారం నుంచి వచ్చే ఆఖరి బస్సు ఆగుతది. దాంట్లోంచి పిల్ల దిగుతదా దిగదా అని థియేటర్ మొత్తం ఊపిరి బిగబట్టాలి.

మొన్న అది ఫోన్ చేసింది. వెనకాల బాబు ఏడుపు, కుక్కర్ విజిల్. ఏం చేస్తుండ్రు అంటే సినిమాలు అని చెప్పి, 'లేడీ బర్డ్' కథ ఎనిమిది మందిమి ఒకరి మాట మీద ఒకరం చెప్పినం. కారులోంచి దూకింది అంటే నవ్వింది. ఆ తల్లి గొంతు ఎట్లుండి ఉంటదో అప్పటికప్పుడు చేసి చూపించింది, సినిమా చూడకుండానే. మేం పొట్టలు పట్టుకున్నం. తర్వాత "మరి ఆ పిల్లకు కాలేజీ దొరికిందా?" అని అడిగింది. దొరికింది, న్యూయార్క్ పోయింది అన్నం. "మంచిగయింది" అన్నది. బాబు లేచిండు, పెట్టేస్తున్న, మిగతా సినిమాలు రేపు చెప్పండి, పాండా కథ ముందు చెప్పండి అన్నది.