ఖాళీ గిన్నె

రాత్రి రెండున్నర. హైదరాబాద్‌లోని ఓ ఆఫీసులో ఆయన ఒక ఫైలు కోసం ఎదురుచూస్తున్నాడు. అది రావాల్సింది లండన్ నుంచి. అక్కడింకా సోమవారం రాత్రి పదే. ఆగస్టు ఆఖరి సోమవారం... బ్యాంకులకు సెలవు. అయినా ఫైలు రావాలి!

ఇరవై ఏళ్ల క్రితం అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చాడాయన. పగలు పోగైన లావాదేవీలన్నిటినీ రాత్రిపూట ఒక్కసారిగా లెక్కకట్టే పనిని 'బ్యాచ్ జాబ్' అంటారు. ఏ ఫైలు చదవాలో, ఎందులో రాయాలో జేసీఎల్ అనే ఆజ్ఞల్లో చెప్పాలి. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360తో పాటు పుట్టిన పద్ధతి అది. ఇప్పటికీ నడుస్తోంది.

మరి, చదవాల్సిన ఫైల్లో ఏమీ లేకపోతే? ప్రోగ్రాం తెరుస్తుంది, మొదటి వరుస చదవబోతే 'అయిపోయింది' అన్న కబురొస్తుంది. సరేనని మూసేస్తుంది. రిటర్న్ కోడ్ సున్నా. అంటే అంతా క్షేమమే! విందుకి ఒక్కరూ రాకపోయినా 'వడ్డన పూర్తయిందండీ' అని వంటవాడు చేతులు కడుక్కున్నట్టు.

కావాలనే ఖాళీ చూపించే వీలూ ఉంది. ఫైలు పేరుకి బదులు 'డమ్మీ' అని రాస్తే చాలు. చదవబోతే అప్పుడే అయిపోయిందంటుంది. రాస్తే, రాసినట్టే నటించి పారేస్తుంది. పరీక్షలప్పుడు ఎంతో సుఖం. (అసలు ఏ పనీ చేయని ప్రోగ్రామే ఒకటుంది, ఐఈఎఫ్‌బీఆర్14 అని. మొదట్లో అందులో ఉన్నది 'వెనక్కి వెళ్లు' అన్న ఒకే ఒక్క ఆజ్ఞ. దాంట్లోనూ తప్పు దొర్లింది. వెళ్తూ సున్నా చెప్పడం మరిచారు!)

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన జీతాల ఫైలుకి బదులు డమ్మీ పెట్టి పరీక్షించాడు. తర్వాత తీసేయడం మరిచాడు. ఆ రాత్రి జాబ్ చక్కగా ముగిసింది, కోడ్ సున్నా. ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు. ఫోను మోగింది. ఓ కంపెనీలో ఎవరి ఖాతాలోనూ జీతం పడలేదు. ఆయనకి చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. నాన్న జీతం ఆలస్యమైన నెల, అమ్మ కిరాణా కొట్టు ముందు నుంచి వెళ్లలేక పక్కసందులోంచి తీసుకెళ్లేది. సాయంత్రానికి అక్కడివాళ్లకి జీతాలు పడ్డాయిగానీ, ఆయనకి అన్నం సహించలేదు.

అప్పట్నుంచీ ఏ జాబ్‌కైనా ముందు ఓ మెట్టు కడతాడు. ఫైల్లో ఒక్క రికార్డు చూపించమని ఐడీక్యామ్స్‌ని అడిగితే, ఖాళీగా ఉంటే కోడ్ 4 ఇస్తుంది. అది చూసి మిగతా పని ఆగుతుంది. కానీ ఎందుకు ఖాళీ? సెలవు కాబట్టా? పంపేవాళ్ల దగ్గరే ఏదో తెగిపోయిందా? కోడ్ 4 అది చెప్పదు.

దానికి మందు అమ్మ దగ్గర దొరికింది. పక్కింటివాళ్ల గిన్నె ఆవిడెప్పుడూ ఉత్తిగా తిరిగివ్వదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తుంది. ఆయనా లండన్ వాళ్లనదే అడిగాడు. ఏమీ లేని రోజున కూడా చివర ఒక వరుస పెట్టండి, తేదీ, ఎన్ని రికార్డులో లెక్క వేసి. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని 'పంచదార లైను' అంటారు.

రెండూ నలభైకి ఫైలొచ్చింది. లోపల ఒకే వరుస. తేదీ, పక్కన సున్నా.

ఆయన ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు.